తనిఖీ పెద్దమ్మ ఆటలు

తనిఖీ పెద్దమ్మ ఎవరి మాటా నమ్మదు. ఇది ఆవిడ మీద నింద కాదు, చుట్టాలంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్న సంగతి. పొద్దున్నే ఎవరైనా "ఈరోజు మంగళవారం" అంటే చాలు, "నువ్వు చూశావా?" అంటుంది. మంగళవారాన్ని కళ్లారా ఎలా చూడాలో తెలీక అవతలివాళ్లు నీళ్లు నములుతారు. ఆవిడ మాత్రం పేపరు చూసి, ఆ పేపరు నిన్నటిది కాదని పక్కింటివాళ్లని అడిగి తెలుసుకుని, అప్పుడు మంగళవారాన్ని ఇంట్లోకి రానిస్తుంది.

ఆవిడ రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైంది. టికెట్ లేనివాళ్లు చెప్పే కథలు విని విని, మనుషులంతా ఎక్కడో ఒకచోట టికెట్ కొనకుండా ఎక్కినవాళ్లేనని ఆవిడకి గట్టి నమ్మకం కుదిరిపోయింది. నిద్ర నటించే ప్రయాణికుల్ని కాలి వేళ్లు చూసి పట్టేసేదట. నిజంగా నిద్రపోయినవాడి వేళ్లు వాలిపోయి ఉంటాయట. నటించేవాడి వేళ్లు ముడుచుకుని, ఏం జరుగుతుందా అని చెవులు రిక్కించి ఉంటాయట. రిటైరయ్యాక ఆ విద్యంతా పెదనాన్న మీద పడింది. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే దుప్పటి కొస ఎత్తి చూసేది. ఆయన కొన్నాళ్లు ఓర్చుకుని, తరవాత సాక్సులు వేసుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఏమడిగినా "నాకు తెలీదు" అనడం కూడా అప్పుడే అలవాటైంది. ఆవిడ ఎదురు ప్రశ్న వేయలేని జవాబు అదొక్కటే.

అలాంటి మనిషి ఒక వానరోజున చెప్పాపెట్టకుండా, చేతిలో పెట్టెతో గుమ్మంలో నిలబడేసరికి పాపాయి గుండె గుభేల్మంది.

పాపాయి ఆవిడ చెల్లెలి కూతురు. ఇద్దరు పిల్లల తల్లయినా చుట్టాల్లో ఆ పేరు పోలేదు. ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని కర్టెన్లు కుడుతుంది. భర్త లిఫ్టులు రిపేరు చేస్తాడు. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని వెళ్తే చీకటి పడ్డాకే రావడం. పెద్దది నాలుగో క్లాసు, చిన్నాడు రెండో క్లాసు. వానలకి బడి కప్పు పెచ్చులూడి పడిందని, బాగుచేసేదాకా పిల్లల్ని పంపొద్దని కబురొచ్చింది. అప్పటినుంచీ ఆ రెండు గదుల ఇల్లు ఇల్లులా లేదు. ఒక పూట కర్టెన్ గుడ్డలతో గుడారం వేశారు. ఇంకో పూట దారపు రీళ్లతో బౌలింగ్ చేశారు. హోటలువాళ్లకి ఇవ్వాల్సిన కర్టెన్లు గుట్టలా పేరుకుపోయాయి. పైగా చిన్నాడితో ఇంకో తలనొప్పి. పిలిస్తే పలకడు. ఒకటికి నాలుగుసార్లు పిలిచినా వాడి లోకంలో వాడుంటాడు. "చెవుల్లో దూది పెట్టుకున్నావా?" అని పాపాయి మిషన్ మీంచి అరవడం, వాడు ఉలిక్కిపడి బిక్కమొహం వేయడం రోజూ ఉండేదే. బళ్లో టీచరు కూడా అదే చెప్పింది. పిల్లాడు మంచివాడే కానీ ధ్యాస ఉండదని.

"పిల్లల్ని చూసుకోడానికొచ్చాను. నువ్వు నీ పని చూసుకో," అంది పెద్దమ్మ, గొడుగు దులుపుతూ.

పాపాయి నమ్మలేదు. పెద్దమ్మ నీడలో పెరిగిన పిల్ల మరి, ఆ మాత్రం అనుమానం ఒంటబట్టదా. పెదనాన్నతో పోట్లాడి వచ్చిందా? తన సంసారం ఎలా ఉందో తనిఖీ చేయడానికి వచ్చిందా? అమ్మే పంపిందా? పెదనాన్నకి ఫోన్ చేసి అడిగితే ఆయన నిజాయితీగా "నాకు తెలీదు" అన్నాడు.

మొదటిరోజే పెద్దమ్మ ఇంట్లో ఉన్నవన్నీ అనుమానించడం మొదలుపెట్టింది. పాల ప్యాకెట్ మీద ఎంత రాశారో అంత పాలున్నాయని ఎవరు చెప్పారు? గోడ గడియారం సరిగ్గా నడుస్తోందని ఎవరు చూశారు? టీవీ చూద్దామనుకున్న పిల్లలు రిమోట్ పక్కన పడేసి ఆవిడ వెనకే పడ్డారు. కొలిచే గిన్నె తెచ్చి పాలు పోసి చూశారు. గడియారం పక్కన ఫోన్ పెట్టి కాపలా కాశారు. కిటికీలోంచి పడే వెలుతురు నేలమీద ఎంత జరుగుతోందో సుద్దముక్కతో గీతలు గీశారు. మబ్బు పట్టినప్పుడల్లా చిన్నాడు సూర్యుడి మీద కూడా అనుమానం వ్యక్తం చేశాడు. పెద్దమ్మ మెచ్చుకుంది.

రేడియోలో "చిరుజల్లులు" అన్నారని మరుసటిరోజు ఖాళీ సీసా పైభాగం కోసి, పక్కన స్కేలు అంటించి, పిట్టగోడ మీద పెట్టించింది. సాయంత్రానికి సీసా నిండి పొర్లింది. పెద్దది రేడియో స్టేషనుకి ఫోన్ చేసి చెబుతానని పట్టుబట్టింది. ఆ తరవాత పంచదార డబ్బా వంతు వచ్చింది. పంచదార తగ్గుతోందని పెద్దమ్మ ప్రకటించగానే పిల్లలిద్దరూ మేం కాదంటే మేం కాదన్నారు. "మాటలు నాకొద్దు," అందావిడ. పెన్సిలు ములుకు గీకి పొడి చేయించి, పౌడరు బ్రష్‌తో డబ్బా మీద అద్దించి, పైకి తేలిన వేలిముద్రల్ని పారదర్శకంగా ఉండే టేపుతో పైకి తీయించింది. ఇంట్లో అందరి ముద్రలూ తీసి భూతద్దంతో పోల్చారు. దొరికిన దొంగ లిఫ్టులు రిపేరు చేసేవాడు. పొద్దున్నే ఎవరూ లేవకముందు చెంచాడు నోట్లో వేసుకుని వెళ్తున్నాడట. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపే పిల్లలు చేతులు చూపించమన్నారు. ఆయన నేరం ఒప్పుకుని, ఇకనుంచి అడిగి తింటానని మాటిచ్చాడు. ఆ మాట మీద పెద్దమ్మ నిఘా పెట్టించింది.

ఇదంతా పాపాయికి నవ్వొచ్చేదే. కానీ ఆ నిఘా ఎప్పుడు తన వైపు తిరుగుతుందా అని బెదురు. అనుకున్నట్టే తిరిగింది. ఒకరోజు పిల్లలు పాపాయి మెడలోని కొలత టేపు అడిగి తీసుకెళ్లి, స్కేలు పక్కన పరిచి, కాసేపటికి గంభీరమైన మొహాలతో తిరిగొచ్చారు.

"అమ్మా, నీ టేపు అబద్ధం చెబుతోంది," అంది పెద్దది.

పాపాయి కొట్టిపారేసింది. పిల్లలు నేలమీద కూర్చోబెట్టి చూపించారు. ఏళ్ల తరబడి లాగి లాగి ఆ గుడ్డ టేపు సాగిపోయింది. ఈమధ్య కర్టెన్లు నేలకి జీరాడుతున్నాయని కుట్టించుకున్నవాళ్లు గొణుగుతుంటే, కిటికీ కొలతలు వాళ్లే తప్పుగా ఇచ్చారని పాపాయి అందరితోనూ వాదించి గెలిచింది కూడా. ఇప్పుడు కిక్కురుమనకుండా కొత్త టేపు కొనుక్కుంది. పెద్దమ్మ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే పాపాయికి మరీ ఒళ్లు మండించింది.

అసలు అనుమానం వేరే చోట మొదలైంది. పాల కొలతలూ వాన కొలతలూ ఒక్కొక్కటిగా వెనకబడి, పెద్దమ్మ ఆటలన్నీ చప్పుళ్ల మీదికి మళ్లాయి. కళ్లకి గంతలు కట్టి, గదిలో ఏ మూల చెంచా మోగిందో చూపించమనేది. గోడ వెనక ఏదో ఒకటి కింద పడేసి, అది గుండీయా, కత్తెరా, దారపు రీలా చెప్పమనేది. గ్లాసుల్లో తలో కొంచెం నీళ్లు పోసి వాయించి, ఏది బొంగురుగా పలికింది, ఏది సన్నగా పలికింది అనేది. కాగితం కప్పులకి దారం కట్టి టెలిఫోన్ చేయించి, ఒకసారి ఈ చెవికి, ఒకసారి ఆ చెవికి పెట్టుకోమనేది. పిల్లలకి అవి భలే నచ్చాయి. చప్పుడంటే వణుకని, దారం బిగుతుగా ఉంటేనే ఆ వణుకు అవతలికి పోతుందని చిన్నాడు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ పాఠం చెప్పేవాడు.

పాపాయికి మాత్రం ప్రాణసంకటంగా ఉండేది. ఆట మొదలైనప్పుడల్లా "మిషన్ ఆపు" అని కేక. హోటలువాళ్లు అవతల తొందరపెడుతున్నారు. పైగా గమనించినకొద్దీ ఆ ఆటల్లో ఏదో తిరకాసు కనిపించింది. పెద్దమ్మ ఎప్పుడూ చిన్నాడి వెనకాలే నిలబడుతుంది. వాడికి కనపడకుండా ఏదో గొణుగుతుంది. వాడు తప్పు మూల చూపిస్తే నవ్వదు, సరిదిద్దదు, ఊరికే తలాడిస్తుంది. ఇక పెద్దది, అన్నిట్లోనూ తమ్ముణ్ణి ఓడించాలని చూసే పిల్ల, ఈ ఆటల్లో మాత్రం మోచేత్తో వాడికి సాయం చేస్తోంది. చెంచా ఎడమవైపు మోగితే వాడి ఎడమపక్క పొడుస్తుంది. పెద్దమ్మ అది కూడా చూసి ఊరుకుంటోంది. తనిఖీ పెద్దమ్మ కళ్లముందు మోసం జరుగుతుంటే ఊరుకోవడమా?

ఒక మధ్యాహ్నం వంటింటి తలుపు చాటున పెద్దమ్మ నిలబడి, లోపల బల్ల దగ్గర బొమ్మ వేసుకుంటున్న చిన్నాడి వైపు ఏదో గుసగుసలాడటం పాపాయి కంటపడింది. వాడు తలెత్తలేదు. ఆవిడ అటు నుంచి ఇటు వచ్చి మళ్లీ గుసగుసలాడింది. ఈసారి వాడు చప్పున తిరిగి నవ్వాడు.

పాపాయి పెద్దదాన్ని పక్కకి పిలిచి, అమ్మమ్మ మీతో గుసగుసగా ఏమడుగుతోంది అని నిలదీసింది. ఏమీ లేదంది అది. మరి నువ్వెందుకు వాణ్ణి పొడుస్తున్నావు అంటే, ఊరికే అంది. ఊరికే అంటూనే దాని మొహం పాలిపోయింది. పాపాయికి ఇక సందేహం మిగల్లేదు. ఇంట్లో గుట్టు లాగడానికి పిల్లల చేత గూఢచర్యం చేయిస్తోంది ఈవిడ. మొగుడు ఏమంటాడు, అమ్మ ఎప్పుడు అరుస్తుంది, ఎంత అరుస్తుంది, ఇవన్నీ ఆరా తీసి చుట్టాలందరికీ చేరవేస్తుంది.

పిల్లలు పిట్టగోడ దగ్గర సీసా చూడటానికి వెళ్లినప్పుడు ఆ మాట మొహం మీదే అనేసింది. నా ఇంట్లో నా పిల్లల్ని నామీదే కాపలా పెడతావా అంది. వచ్చిన పని సూటిగా చెప్పమంది.

పెద్దమ్మ కుర్చీలో కూర్చుంది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడిచినా పెట్టుకోలేదు.

"చిన్నాడికి ఎడమ చెవి వినపడటం లేదే, పాపాయీ."

పాపాయి నోట్లోంచి వచ్చిన మాట ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

"నువ్వు చూశావా?"

"చూశాను. వచ్చినప్పటినుంచీ అదే చూస్తున్నాను," అంది పెద్దమ్మ.

అప్పుడు చెప్పుకొచ్చింది. ఫోన్లో మాట్లాడేటప్పుడు చిన్నాడు మొదట "అమ్మమ్మా, ఏంటి? ఏంటి?" అంటాడట, ఆ తరవాత టకటకా జవాబులు చెబుతాడట. ప్రతిసారీ అంతే. ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారుస్తున్నాడేమోనని ఆవిడకి అనుమానం తగిలింది. తగిలాక ఇంట్లో నిలవలేకపోయింది.

"పిల్లలు ధ్యాస లేక పలకరు పెద్దమ్మా. నటిస్తారు కూడా," అంది పాపాయి, ఎలాగైనా అది నిజం కాకూడదని.

"నటించేవాళ్లని నాకు చెప్పకు. ఇందాక తలుపు చాటునుంచి ఎడమవైపు చాక్లెట్ అన్నాను. వాడు కదల్లేదు. కుడివైపు వచ్చి అదే మాట అంతే మెల్లిగా అన్నాను. నవ్వాడు. చాక్లెట్ దగ్గర నటించే పిల్లాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు."

మరి వచ్చినరోజే ఎందుకు చెప్పలేదని పాపాయి అడిగింది. పెద్దమ్మ కొంచెం తడబడింది. తన అనుమానాలు చాలాసార్లు తప్పాయని, ఇది కూడా తప్పాలని కోరుకున్నానని అంది. ఉత్తపుణ్యానికి నిన్ను ఏడిపించడం ఎందుకు అంది. పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఇది వినపడిందా, అది వినపడిందా అని పరీక్ష పెడితే వాడు హడలిపోతాడని, ఆటైతే వాడికి ఆటే కదా అని అంది. వాడొక్కడికే పెడితే తెలిసిపోతుందని ఇద్దరికీ పెట్టింది. చప్పుళ్లతోనే మొదలుపెడితే నువ్వు పసిగడతావని పాలతోనూ గడియారంతోనూ మొదలుపెట్టింది.

పాపాయి మిషన్ ముందు కూలబడింది. చెవుల్లో దూది పెట్టుకున్నావా అని ఎన్నిసార్లు అరిచిందో గుర్తొచ్చింది. వాడు బల్ల దగ్గర కూర్చుంటే మిషన్ వాడికి ఎడమపక్కనే ఉంటుంది. వాడు కావాలని పలకలేదనుకుంది. పెద్దమ్మ వచ్చి పాపాయి వీపు మీద చెయ్యి వేసి, ఏడవడానికి తొందరేం లేదు, డాక్టరు ఏమంటాడో విన్నాక చూద్దాం అంది. "ఆయన మాట కూడా నమ్మక్కర్లేదనుకో."

మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన ఓపిక ఉన్న మనిషి. పెద్దమ్మ ముందుగా గోడమీది సర్టిఫికెట్ దగ్గరికెళ్లి చదివింది, ఆయన మొహంతో ఫొటో పోల్చింది, తరవాత చెవిలోకి చూసే పరికరంతో తనూ చూస్తానంది. ఆయన చూడనిచ్చాడు. లోపల గుబిలి గడ్డకట్టి అడ్డంగా కూర్చుందని, దాని వెనక ఇంకేదో ఉన్నట్టుందని, అది మెత్తబడటానికి కొన్నాళ్లు చుక్కల మందు వేసి మళ్లీ తీసుకురమ్మని చెప్పాడు. చెవి పాడవలేదనే తనకి అనిపిస్తోందని, తీశాక సరిగ్గా చెప్పగలనని అన్నాడు. ఆ కొన్నాళ్లూ పాపాయి మిషన్ దిక్కు చూడలేదు. చుక్కలు తనే వేసింది. వాడి కుడిపక్కకి వచ్చి కూర్చుని మాట్లాడటం నేర్చుకుంది. పెద్దది మాత్రం చుక్కలు వేసేటప్పుడల్లా గదిలోంచి వెళ్లిపోయేది.

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరు పిల్లాణ్ణి తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, సన్నటి పట్టకారుతో నిదానంగా లోపలున్నది బయటికి లాగాడు. స్టీలు పళ్లెంలో టక్కుమని పడింది. గుబిలి తుడిచి చూస్తే, అరిగిపోయిన గులాబీరంగు రబ్బరు ముక్క. పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరు.

డాక్టరు కర్ణభేరి మీద లైటు వేసి చూసి, చెక్కుచెదరలేదన్నాడు. ఆ తరవాత కుర్చీ వెనక్కి వాల్చి, ఇది లోపలికెలా వెళ్లింది బాబూ అని అడిగాడు. చిన్నాడు ఆలోచించి, ఒకసారి డాక్టరాట ఆడుకున్నామన్నాడు. నేను పేషెంటుని అన్నాడు. డాక్టరెవరో చెప్పబోతూ పక్కన పళ్లెం మెరుస్తుంటే అందులో తన మొహం చూసుకుంటూ ఆ సంగతి మర్చిపోయాడు.

పెద్దది తల్లి కుర్చీ వెనక గోడకి అంటుకుపోయింది. పాపాయి దాన్ని చూసింది. మోచేతి పోట్లు ఎందుకో అప్పుడు తెలిసింది. పాపం, తమ్ముడికి వినపడటం లేదని ఆ పిల్లకి ఎప్పటినుంచో తెలుసు. చెబితే ఏమవుతుందోనని చెప్పలేక, వాడి ఎడమ చెవి పని తనే చేస్తూ వచ్చింది.

ఇక పెద్దమ్మ ఏం చేస్తుందోనని పాపాయి ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ పళ్లెం దగ్గరికి వచ్చి రబ్బరు ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒకసారి పెద్దదాని వైపు చూసింది. వేలిముద్రలు తీసిన మనిషి, పంచదార దొంగని పట్టిన మనిషి, నిద్రపోయేవాళ్ల కాలి వేళ్లని కూడా వదలని మనిషి.

"రబ్బరు ముక్కలు వాటంతటవే ఎగిరి దూరతాయి డాక్టరుగారూ," అంది.

"అలా జరగదమ్మా," అన్నాడాయన.

"జరుగుతుంది. నేను చూశాను."

డాక్టరు ఆవిడ మొహం చూశాడు, గోడకి అంటుకున్న పిల్లని చూశాడు, ఇలాంటివి తన సర్వీసులో చాలా చూశానన్నట్టు తలూపి, చీటీ మీద "దానంతటదే" అని రాసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో పాపాయి, చిన్నాడు ముందు సీట్లో కూర్చున్నారు. వాడికి లోకం కొత్తగా ఉంది. వైపరు కీచుమంటోందన్నాడు. డ్రైవరు ఈల వేస్తున్నాడన్నాడు. ఎవరి సంచీలోనో కాగితం నలుగుతోందన్నాడు. పాపాయి ప్రతిదానికీ అవునంటూ మొహం కిటికీ వైపు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

వెనక సీట్లో పెద్దది చాలాసేపు బిగుసుకుని కూర్చుంది. చివరికి తట్టుకోలేక పెద్దమ్మ మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, సన్నగా, ఏడుపు గొంతుతో ఏదో చెప్పింది. చెప్పి కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఏమన్నావో ఏమోనమ్మా, ఈ బస్సు రొదలో నాకొక్క ముక్క వినపడలేదు," అంది పెద్దమ్మ. అప్పటికి బస్సు సిగ్నల్ దగ్గర ఇంజను ఆపి నిశ్శబ్దంగా నిలబడి ఉంది.

ముందు సీటు పైనుంచి చిన్నాడి తల లేచింది. వాడి మొహం వెలిగిపోతోంది.

"నాకు వినపడింది," అన్నాడు వాడు. "అక్కా, నాకు మొత్తం వినపడింది. ఇంకోటి చెప్పు."